కొత్త బొమ్మలు – రేనాటి ప్రేక్షకుడి తీర్పు

కుందూ నదికి అటూ ఇటూ పరుచుకున్న నల్లరేగడి నేలను రేనాడు అంటారు. కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, బనగానపల్లె ఈ చుట్టుపట్ల ఊళ్లే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఇవన్నీ ఆ జిల్లాలోకి వచ్చాయి. పాతికేళ్లకు పైగా తెలుగు యాక్షన్ సినిమాకు కథలు అందించిన నేలల్లో ఇదొకటి. తన జిల్లా పేరు, తన ఊరి మాట, తన చుట్టాల ఇంటిపేర్లు తెర మీద చూస్తూ పెరిగిన ప్రేక్షకుడికి సినిమా మీద గట్టి అభిప్రాయాలే ఉంటాయి. ఈమధ్య వచ్చిన యాక్షన్ చిత్రాల మీద, కుటుంబ కథల మీద, డాక్యుమెంటరీల మీద ఇక్కడి టీ అంగళ్ల దగ్గర, బస్టాండుల్లో, మామిడి మండీల్లో జరిగే చర్చను చెవిపెట్టి వింటే అందులో ఒక కొలబద్ద కనిపిస్తుంది. కత్తి ఎందుకు లేచిందో సినిమా చెప్పగలిగిందా అన్నదే ఆ కొలబద్ద.

ఇది ఊరికే పుట్టలేదు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ కర్నూలు కక్షల నేపథ్యంలో వచ్చింది. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’ వరసగా వచ్చాయి. 2003లో ‘ఒక్కడు’ కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతటికీ పరిచయం చేసింది. ఆ ఆరేడేళ్లలో రాయలసీమ అంటే తెల్లపంచె, వేటకొడవలి, నాటుబాంబు, గాల్లోకి లేచే టాటా సుమో అన్న ముద్ర పడిపోయింది. ఆ ముద్ర వేసిన నటుల్లో ముందుగా చెప్పవలసిన జయప్రకాశ్ రెడ్డి ఆళ్లగడ్డ పక్కనున్న శిరివెళ్లలో పుట్టినవాడు. గుంటూరులో బడిపంతులుగా పనిచేసిన ఆయన ‘ప్రేమించుకుందాం రా’, ‘సమరసింహారెడ్డి’ సినిమాల్లో పలికిన సీమ యాసకు థియేటర్లు హోరెత్తాయి. అంతవరకూ తెలుగు సినిమాలో ప్రతినాయకుడు చాలావరకు పుస్తకభాషే మాట్లాడేవాడు. ఆ సినిమాల్లో సీమ నుడికారం తెర మీద సొంత గొంతుతో వినిపించింది. నటుడిగా ఆయన సాధించింది చిన్నది కాదు. అదే యాసను తర్వాతి సినిమాలు విలన్‌కు ఒక గుర్తుగా మాత్రమే వాడుకోవడం ఆయన తప్పు కాదు.

ఆ సినిమాలను ఇక్కడివాళ్లు ఆదరించలేదనుకుంటే పొరపాటు. తెల్లారుజామున షోకు లైన్లో నిలబడ్డారు, తెర ముందు టెంకాయలు కొట్టారు, పేపర్లు చించి ఎగరేశారు. యాక్షన్ అంటే ఈ ప్రేక్షకుడికి ఇష్టమే, ఇప్పటికీ ఇష్టమే. నొప్పి వేరేచోట మొదలైంది. చదువుకోసం, కొలువుకోసం హైదరాబాదుకో బెంగళూరుకో పోయిన పిల్లవాడు ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు బాంబుల ప్రస్తావన తేవడం, దాన్ని నవ్వి ఊరుకోవలసి రావడం సీమ కుటుంబాలన్నిటికీ తెలిసిన అనుభవం. పల్లెల్లో కక్షలు లేవని ఎవరూ అనరు. వాటివల్ల తాళి తెగిన ఇళ్లు, మగదిక్కు లేక బీడుపడ్డ పొలాలు కళ్లెదుటే ఉన్నాయి. మానవ హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ తన వ్యాసాల్లో ఈ ముఠా కక్షలను ఊరి మీద పెత్తనంతో, కాంట్రాక్టులతో, రాజకీయాధికారంతో ముడిపెట్టి వివరించారు. సినిమాలకు ఆ వివరం అక్కర్లేకపోయింది. వాటిలో పగ రక్తంలో పుడుతుంది, తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగా వస్తుంది. వానలేని ఏడు గానీ, ఎండిన బోరు గానీ, పంచాయతీ ఎన్నిక గానీ, రోడ్డు కాంట్రాక్టు గానీ దానికి కారణంగా కనిపించవు.

ఈ వరసలో కాస్త ఆగి ఆలోచించిన సినిమా 2018 అక్టోబరు 11న వచ్చిన ‘అరవింద సమేత వీరరాఘవ’. త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకుడు. నల్లగుడి, కొమ్మద్ది అనే రెండు ఊళ్ల పగ పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలవుతుంది. ఆ ఐదు రూపాయలు తరాలు దాటి ఎన్ని పీనుగులను లేపాయో మొదటి అరగంటలోనే చూపించేసి, మిగతా కథంతా దాన్ని ఎట్లా ఆపాలన్న ప్రశ్న మీద నడిపారు. నాయనమ్మ, తల్లి, ఎదుటి ఇంటి ఇల్లాలు మాట్లాడిన మాటలకు కత్తికన్నా ఎక్కువ బరువు ఇచ్చారు. పెంచల్‌దాస్ గొంతులో వచ్చే పాట సీమ పల్లెలో శవం ముందు ఏడ్చే ఏడుపులాగే ఉంటుంది, సినిమా పాటలాగా ఉండదు. ఈ ప్రాంతంలో ఆ సినిమాను ఇంకా తలుచుకునేది అందుకే. కొట్టుకోవడాన్ని గొప్పగా తీసి, ఆ తర్వాత కొట్టుకోవద్దని చెప్పిందన్న విమర్శ దాని మీద ఉంది. అది సరైన విమర్శే. అయినా కారణం వెతికిన సినిమాగా దానికి మార్కులు పడ్డాయి.

దీనితో పోల్చి చూడదగ్గ సినిమా ‘బలగం’. వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న విడుదలైంది. కథ తెలంగాణ పల్లెది. అల్లుడికి మాంసం వడ్డించేటప్పుడు నల్లిబొక్క పడలేదన్న కోపంతో ఒక కుటుంబం ఇరవై ఏళ్లు మాటల్లేకుండా విడిపోతుంది. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. అంతే కథ. ఐదు రూపాయలూ నల్లిబొక్కా ఒకే తూకం వస్తువులు. రెండూ మనిషి పట్టింపుకు పైకి కనిపించే సాకులు. ఒక సినిమా ఆ పట్టింపును నెత్తుటి దాకా తీసుకుపోయింది, మరొకటి కన్నీళ్ల దాకా తీసుకుపోయి ఆపింది. ‘బలగం’ను తెలంగాణ ఊళ్లలో బయలు ప్రదేశాల్లో పెద్ద తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కిన ఇళ్లు రేనాటిలో కూడా తక్కువేమీ లేవు. యాస వేరైనా ఈ సినిమా ఇక్కడ అంతగా పట్టడానికి అదే కారణం. మంచి డ్రామాకు పల్లె పేరుతో పని లేదని అది రుజువు చేసింది. ఫైటు ఒక్కటి కూడా లేకుండా జనాన్ని కదిలించవచ్చని ఈమధ్య కాలంలో ఇంత గట్టిగా చెప్పిన తెలుగు సినిమా మరొకటి లేదు.

రేనాటికి నేరుగా సంబంధించిన సినిమా ‘సైరా నరసింహారెడ్డి’. సురేందర్ రెడ్డి దర్శకత్వంలో చిరంజీవి నాయకుడిగా 2019 అక్టోబరు 2న వచ్చింది. రాంచరణ్ నిర్మాత. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ నేల పాలెగాడు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఆయనకు తాత. తాతకు వారసులు లేరన్న మిషతో ఆయన తవర్జీలో, అంటే రాజ్యం పోయిన పాలెగాళ్లకు కంపెనీ ప్రభుత్వం ఇచ్చే పింఛనులో, నరసింహారెడ్డికి రావలసిన వాటాను కంపెనీ ఇవ్వలేదు. అదే సమయంలో ఊరి కావలి కాసే కట్టుబడివాళ్ల మాన్యాలను కూడా కంపెనీ లాగేసుకుంటోంది. తిండిగింజలకు ఆధారమైన భూమి పోయిన ఆ కావలివాళ్లే 1846లో ఆయన వెంట నడిచారు. కోవెలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. ఆ ఏడాది అక్టోబరులో పేరుసోముల కొండల్లో ఆయనను పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను కోట బురుజుకు వేలాడదీసి ముప్పై ఏళ్లు, 1877 దాకా, దించలేదు. సిపాయిల తిరుగుబాటుకు పదేళ్ల ముందు మాట ఇది.

సినిమాగా ‘సైరా’లో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. రత్నవేలు కెమెరా, కోటల సెట్లు, జాతర సన్నివేశం, చివరి ఉరికంబం దృశ్యం ఇప్పటికీ గుర్తుంటాయి. కోవెలకుంట్ల, అవుకు, ఉయ్యాలవాడ అనే పేర్లు దేశమంతా వినిపించడం ఇక్కడివాళ్లకు గర్వకారణమైంది. అసంతృప్తి కూడా గట్టిదే. తవర్జీ, ఇనాము, కట్టుబడి మాన్యం లాంటి అసలు మాటలు సినిమాలో చప్పుడు లేకుండా వెనక్కి పోయాయి. మాన్యం పోగొట్టుకున్న కావలివాడి ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందా లేదా అన్నది ఒక్క సన్నివేశంలోనైనా చూపించి ఉంటే, ఆ తర్వాతి యుద్ధాలన్నిటికీ ప్రాణం వచ్చేది. దానికి బదులు వేలమంది సైనికులతో భారీ పోరాటాలు వచ్చాయి. వాటిలో కొంత జార్జియా దేశంలో తీశారు. కుందూ ఒడ్డు రేగడిలో, కొండ మిట్టల్లో నడిచిన తిరుగుబాటుకు ఆ పచ్చిక మైదానాలు అతకలేదు. ఇక్కడి పొలాలు తెలిసిన కంటికి ఆ తేడా మొదటి చూపులోనే పట్టుబడుతుంది. ఝాన్సీ లక్ష్మీబాయి నోట కథ చెప్పించడం కూడా అవసరం లేని పని. రేనాటి కథ గొప్పదని చెప్పడానికి రేనాటి ముసలమ్మ చాలు. నరసింహారెడ్డి మీద జానపదులు కట్టిన పాటలు ఈ ఊళ్లలో తరాలుగా ఉన్నాయి.

ఇక్కడే మరో సంగతి చెప్పుకోవాలి. అదే ఉయ్యాలవాడలో మరో మనిషి ఉన్నాడు. ఆయన పేరు బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు లేదనకుండా తన గాదెలు తెరిచి గంజి కాచి వేలమందిని బతికించాడు. ఆ దానానికి విక్టోరియా రాణి పేరిట బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఆయన మీద కూడా పాటలున్నాయి, భిక్షాటన చేసేవాళ్లు వాటిని ఇల్లిల్లూ తిరిగి పాడేవారు. ఒకే ఊరు, ఇరవై ఏళ్ల తేడా. ఒకరు కత్తి పట్టారు, ఒకరు గరిటె పట్టారు. జనం ఇద్దరినీ పాటల్లో నిలుపుకున్నారు. సినిమా మొదటివాడి దగ్గరికే వచ్చింది. కరువులో అన్నం పెట్టిన మనిషి కథలో యాక్షన్ లేదు గానీ గొప్ప డ్రామా ఉంది. గాదె అడుగంటే రోజు దగ్గర పడుతుంటుంది, గంజి కేంద్రం ముందు వరస పెరుగుతుంటుంది, ఇంట్లోవాళ్లు రేపటి సంగతి అడుగుతుంటారు. ఇంతకన్నా పెద్ద ఉత్కంఠ ఏ ఛేజింగులో ఉంటుంది?

ఇక ఇటీవలి యాక్షన్ చిత్రాలకు వస్తే, కొలబద్ద అదే. 2023 సంక్రాంతికి వచ్చిన ‘వీరసింహారెడ్డి’ పాత ఫ్యాక్షన్ మూసను తిరిగి బయటికి తీసింది. పాత అభిమానులు సంతోషించారు, కొత్తగా చెప్పిందేమీ లేదు. 2025 సంక్రాంతికి వచ్చిన ‘డాకు మహారాజ్’ కథను చంబల్ లోయకు తీసుకుపోయింది. నీళ్లకోసం తపించే పల్లెలు, వాటి మీద పెత్తనం చేసే పాలరాయి గనుల యజమాని అందులో ఉన్నారు. నాపరాళ్ల గనుల మధ్య, తాగునీటి ట్యాంకర్ల మధ్య బతికే బనగానపల్లె, బేతంచెర్ల జనానికి ఆ భాగం సూటిగా తగిలింది. ‘వీరసింహారెడ్డి’ కన్నా దీనికి ఇక్కడ ఒక మెట్టు పైన చోటు దొరకడంలో వింతేమీ లేదు.

2024 డిసెంబరు 5న విడుదలైన ‘పుష్ప 2’ గురించి వేరుగా చెప్పాలి. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. శేషాచలం ఎర్రచందనం కథ. మొదటి భాగంలో కూలివాడు మెట్టు మెట్టు ఎక్కడానికి కారణం ఉంది. తండ్రి ఇంటిపేరు దక్కని కొడుకు పడే అవమానం అది. అందువల్లే ఆ భాగంలో అల్లు అర్జున్ నటనకు జాతీయ అవార్డు వచ్చినప్పుడు సీమ సొంతవాడిని గెలిపించుకున్నంత సంతోషపడింది. రెండో భాగంలో ఆ కారణం పలచబడి, హోదా చూపించుకోవడం ఎక్కువైంది. అయినా తిరుపతి గంగమ్మ జాతర సన్నివేశం మాత్రం ఈమధ్య తెలుగు తెర మీద వచ్చిన వాటిలో అగ్రస్థానంలో నిలుస్తుంది. చీర, గాజులు, పూలదండ, నీలిరంగు పూసిన ముఖంతో హీరో ఆడే తాండవంలో సీమ మొక్కుబడుల సంప్రదాయం నిండుగా ఉంది. మగవాళ్లు ఆడవేషం కట్టి అమ్మవారికి మొక్కు తీర్చుకోవడం అక్కడి జాతరలో నిజంగా ఉన్న ఆచారం. అక్కడ ఫైటుకు కారణం ఉంది, నేల ఉంది, నమ్మకం ఉంది. యాస విషయంలో ఒక్క మాట. చిత్తూరు మాట వేరు, కడప మాట వేరు, నవాబుల ఏలుబడిలో ఉర్దూ కలిసిన బనగానపల్లె మాట వేరు. ‘పుష్ప’ చిత్తూరు మాటను చాలావరకు నిలబెట్టుకుంది. మిగతా సినిమాలు మూడింటినీ కలిపి కొట్టి సీమ యాస అని పేరు పెడుతున్నాయి.

2025లో వచ్చిన ‘హిట్ 3’, ‘ఓజీ’ రెండింటికీ సెన్సారు వాళ్లు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఆ సినిమాలు చూపించకూడదు. 2024 నిబంధనలు వచ్చాక పిల్లల వయసును బట్టి ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల గీతలతో ‘యుఎ’ సర్టిఫికెట్లు కూడా వస్తున్నాయి. ఆ గుర్తు పోస్టరు మీద ఉంటుంది, తెర మీద మొదట్లోనే పడుతుంది. చిన్న పట్టణాల్లో దాన్ని చూసేవాళ్లు తక్కువ, అడ్డుకునేవాళ్లు ఇంకా తక్కువ. హీరో మీద అభిమానంతో ఐదేళ్ల పిల్లవాడిని భుజాన వేసుకుని అలాంటి సినిమాకు వెళ్లడం మంచి పని కాదు. ‘హిట్ 3’లో నెత్తురుకు కథలో కొంత సాకు ఉంది గానీ, కొలత మించిపోయింది. ‘ఓజీ’ మేకింగులో నైపుణ్యం ఎంతైనా ఉంది, కథానాయకుడి ప్రవేశాలకు పెట్టిన శ్రద్ధలో సగం కథ మీద పెట్టి ఉంటే బాగుండేది. ఆంధ్రప్రదేశ్‌లో దాని బెనిఫిట్ షో టికెట్టు అప్పట్లో వెయ్యి రూపాయలు. కూలికి పోయే కుటుంబంలో నలుగురు ఆ ధరకు సినిమా చూడాలంటే ఎన్ని రోజుల కూలి కావాలో లెక్క వేసుకోవచ్చు. ‘పుష్ప 2’ విడుదలకు ముందురోజు హైదరాబాదులో ఒక థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. మొదటి షోకే చూసితీరాలన్న పిచ్చి ఎంతటి నష్టం తెస్తుందో అభిమాన సంఘాలు గట్టిగా ఆలోచించుకోవాలి.

డ్రామాలలో ఈమధ్య మంచి పంట వచ్చింది. 2024 సెప్టెంబరులో నందకిశోర్ ఈమాని తీసిన ‘35 – చిన్న కథ కాదు’ తిరుపతిలో జరిగే కథ. లెక్కలు రాని కొడుకు, చదువు మధ్యలో ఆగిపోయిన తల్లి, ముప్పై ఐదు మార్కుల గండం. సున్నాకు విలువ లేకపోతే ఒకటి పక్కన చేరగానే పది ఎట్లా అయిందని ఆ పిల్లవాడు అడిగే ప్రశ్నకు పంతులు దగ్గర జవాబు ఉండదు, దెబ్బ ఉంటుంది. కొడుకుకు చెప్పడం కోసం తల్లి మళ్లీ పుస్తకం పట్టి తాను ముందు నేర్చుకుంటుంది. నివేదా థామస్ ఆ తల్లిగా చేసిన నటనకు తెలంగాణ ప్రభుత్వ గద్దర్ అవార్డు వచ్చింది. సీమ పట్టణంలో కథ పెట్టి ఒక్క కొడవలి కూడా చూపించని సినిమా ఇది. ఈ ఒక్క కారణానికైనా రేనాటి బడుల్లో ప్రతి పిల్లవాడికీ దీన్ని చూపించాలి.

2025 మార్చి 14న రామ్ జగదీశ్ తొలి చిత్రం ‘కోర్ట్’ వచ్చింది. నాని సమర్పించారు. విశాఖపట్నంలో పేదింటి కుర్రవాడు, డబ్బున్న ఇంటి అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి మావయ్య మంగపతి పరువు పేరుతో కుర్రవాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. పిల్లలను కాపాడటానికి 2012లో తెచ్చిన చట్టం పెద్దల పంతానికి ఆయుధం ఎట్లా అవుతుందో సినిమా విడమరచి చెప్పింది. మంగపతిగా శివాజీ నటన చూస్తే, కొడవలి పట్టని విలన్ ఎంత భయపెట్టగలడో తెలుస్తుంది. ఆ చట్టం అవసరాన్ని తక్కువ చేయకుండా దాని దుర్వినియోగాన్ని చూపించడం కత్తిమీద సాము. సినిమా చాలావరకు నిలబడింది, చివరి వాదనలు మాత్రం ఉపన్యాసం వైపు జారాయి. అదే ఏడాది నవంబరులో రాహుల్ రవీంద్రన్ తీసిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’ ప్రేమ పేరుతో జరిగే అదుపును అమ్మాయి వైపు నుంచి చూపించింది. నంద్యాల కాలేజీల్లో చదివే అమ్మాయిల మధ్య దీని మీద జరిగిన చర్చ మగపిల్లలు కూడా విని తీరవలసింది.

నల్లమల కథగా ‘కొండపొలం’ను మరిచిపోకూడదు. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలకు తానా బహుమతి వచ్చింది. క్రిష్ దాన్ని 2021 అక్టోబరు 8న సినిమాగా తెచ్చారు. వానలు లేని ఏడు గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల అడవిలోకి పోతారు. పెద్దపులి, ఎర్రచందనం దొంగలు, నీటి చెలమ కోసం వెతుకులాట, ఇంటిదగ్గర మిగిలినవాళ్ల బెంగ అన్నీ అందులో ఉన్నాయి. పట్నంలో ఉద్యోగం దొరకని కుర్రవాడు రవీంద్రకు అడవి ధైర్యం నేర్పుతుంది. అహోబిలం చుట్టుపక్కల పల్లెవాళ్లకు ఇది తెలిసిన బతుకే. ఇక్కడ కరువే కారణం. మనిషి కర్ర పట్టినా పులిని ఎదిరించడానికే. ఓబులమ్మ పాత్ర నవలలో లేదు, సినిమా కోసం కలిపింది. ఆమె పాటలు వచ్చినప్పుడల్లా అడవి వెనక్కి పోతుంది. కాపరుల మాటలు, నాన్న పాత్రలో సాయిచంద్, కీరవాణి నేపథ్య సంగీతం ఆ లోపాన్ని చాలావరకు కప్పాయి. థియేటర్లో దీనికి తగిన ఆదరణ రాకపోవడం రాయలసీమ కథా సాహిత్యం వైపు చూద్దామనుకున్న నిర్మాతలకు వెనకడుగు వేయించి ఉండవచ్చు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ లాంటి నవలలు ఇంకా తెర కోసం ఎదురుచూస్తున్నాయి.

చిన్న సినిమాల్లో ‘సినిమా బండి’కి ప్రత్యేక స్థానం ఉంది. 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే వీరబాబుకు ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. ఊరికి రోడ్డు, నీళ్లు తెప్పించాలన్న ఆశతో అతను సినిమా తీయబోతాడు. కూరగాయలమ్మే అమ్మాయి హీరోయిన్, మంగలి కుర్రవాడు హీరో. సీమ మనుషుల అమాయకత్వాన్ని, పట్టుదలను ఎగతాళి చేయకుండా నవ్వించింది.

డాక్యుమెంటరీల పరిస్థితి వేరు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన న్యూస్‌రీళ్లు, చిన్న చిత్రాలు ఒకప్పుడు ప్రతి థియేటర్లో, టూరింగ్ టాకీసులో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవారు. ఆనకట్టలు, పంటలు, వరదలు, గాంధీ, నెహ్రూ అన్నీ పల్లె ప్రేక్షకుడు అక్కడే చూశాడు. ఆ పద్ధతి ఆగిపోయాక డాక్యుమెంటరీ అనే మాటే చాలామందికి దూరమైంది. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ బహుమతి అందుకున్నప్పుడు తెలుగునాట పండగ జరిగింది. అదే వేదిక మీద కార్తికి గోన్సాల్వెస్ తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కు కూడా ఆస్కార్ వచ్చింది. ముదుమలై అడవిలో తల్లి లేని ఏనుగు పిల్లలను సాకిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ అది, నలభై నిమిషాలే ఉంటుంది. ఏనుగు పిల్లకు ముద్ద కలిపి నోట్లో పెట్టే బెల్లి చేయి, దాన్ని మరో చోటికి తీసుకుపోయిన రోజు ఆమె ముఖం ఏ నటి వల్లా కాని సంగతులు. తెలుగు ఇళ్లలో దాని మాట ఎత్తినవాళ్లు తక్కువే. చూడనివాళ్లు వెతికి చూడాలి.

2024 ఆగస్టులో రాజమౌళి మీద ‘మోడర్న్ మాస్టర్స్’, డిసెంబరులో ‘ఆర్ఆర్ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ వచ్చాయి. యాక్షన్ సన్నివేశం వెనక ఎంతమంది చెమట ఉంటుందో రెండోది బాగా చూపించింది. జంతువులు గుంపుగా దూకే ఇంటర్వెల్ ఘట్టం కోసం పడ్డ తంటాలు చూశాక ఆ సినిమా మీద గౌరవం పెరుగుతుంది. మొదటిది మాత్రం పొగడ్త దాటి లోతుకు పోలేదు. రెండూ సినిమావాళ్ల మీద సినిమావాళ్లు తీసుకున్నవి. జనం బతుకు మీద తీసినవాటిలో కె.ఎన్.టి. శాస్త్రి సురభి నాటకాల మీద తీసిన ‘సురభి’ చెప్పుకోదగ్గది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటకరంగం సీమ ఆస్తి. బి. నర్సింగరావు ‘మా ఊరు’ తెలంగాణ పల్లెను మాటలు పెద్దగా లేకుండా చిత్రిక పట్టింది. ఇలాంటివి మరిన్ని రావాలి, ముఖ్యంగా రేనాటి నుంచి రావాలి.

అందుకు సరుకు లేక కాదు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడ్డ బూడిద పొర ఉంది. ఆ బూడిద కిందా పైనా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయి. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ఆ ఫలితాలను ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాక మానవజాతి చరిత్ర మీద పెద్ద చర్చే జరిగింది. అదే బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్న రోజులూ ఉన్నాయి. అరగంట డాక్యుమెంటరీకి ఇంతకన్నా మంచి కథ ఉండదు. నాపరాయి గనిలో గునపంతో పొరను అదిలించి, ఆ పలకను విరగకుండా లేపే కూలివాడి ఒడుపు, పాలిష్ ఫ్యాక్టరీ దుమ్ములో అతని దగ్గు ఇంకో కథ. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన నల్లరాతిలో దేవుడి కళ్లు చివరగా తెరిచే శిల్పి ఇంకో కథ. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నా, పుట్టిన ఊళ్లో రైతుకు ఏం మిగులుతోందన్నది మరో కథ.

చేతిలో ఫోను, అందులో మంచి కెమెరా ఉన్న కాలేజీ పిల్లలు నంద్యాల, బనగానపల్లె, ఆళ్లగడ్డల్లో వేలమంది ఉన్నారు. రీళ్ల కోసం చేసే శ్రమలో కొంత ఈ కథల వైపు మళ్లించాలి. పెద్దలు పిల్లలతో బయలుదేరే ముందు పోస్టరు మీద సర్టిఫికెట్ చూసుకోవాలి. మంచి డ్రామా వచ్చినప్పుడు ఓటీటీలో చూద్దాంలే అనుకోకుండా మొదటి వారమే థియేటరుకు వెళ్లాలి, ఆ వారమే దాని బతుకు తేలిపోతుంది. అన్నిటికన్నా ముందు, నరసింహారెడ్డి పాట, బుడ్డా వెంగళరెడ్డి పాట నోటికి వచ్చిన ముసలివాళ్లు ఏ ఊళ్లో ఉన్నా ఈ ఎండాకాలం సెలవుల్లోనే వెతికిపట్టి, వాళ్లు పాడుతుండగా, చెబుతుండగా రికార్డు చేసి దాచండి.